రాతి మీద ఇంటిపేరు

యానాం ప్రాంతీయ పరిపాలనాధికారి గారికి,



నేను మీ పరిధిలో ఓటున్నవాణ్ణి కాను. మాది సరిహద్దుకు ఇవతల, తాళ్లరేవు వైపు ఊరు. అయితే మా ఇళ్లల్లో ఆ సరిహద్దును ఎవరూ ఏనాడూ లెక్కచెయ్యలేదు. మా పెద్దమ్మ యానాంలోని మెట్టకూరు కోడలు. వేసవి సెలవులొస్తే మా పిల్లలందరి మకాం అక్కడే. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీతో పాటు యానాం చర్చి విచారణ గురువులూ, మెట్టకూరు పెద్దలూ కూడా చదవాలని పదిమంది ముందూ పెడుతున్నాను.

నా మనవి ముందే చెప్పేస్తాను. యానాం సెయింట్ ఆన్స్ చర్చి ఆవరణలో ఒక రాతిపలక నిలబెట్టండి. యానాం గడ్డ మీద పుట్టి, ఏ జెండా కిందైనా సరే యుద్ధానికి వెళ్లి, తిరిగి రానివాళ్ల పేర్లు దాని మీద పేటల వారీగా చెక్కించండి. తెలుగులో చెక్కించండి. ప్రతి పేరుకూ ముందు ఇంటిపేరు ఉండాలి. ఈ పని మెట్టకూరుతో మొదలుపెట్టండి. ఇంటింటికీ తిరిగి అడగగలిగినంత చిన్న ఊరు అది. అడిగితే చెప్పగల ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు.

ఇంటిపేరు దగ్గర ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలి. ఈ ఉత్తరమంతా దాని గురించే.

కొన్నేళ్ల కిందట నవంబరు 11న నేను పుదుచ్చేరిలో ఉన్నాను. బీచి రోడ్డులో తెల్లటి స్తంభాల ముందు తల వంచుకుని నిలబడ్డ సైనికుడి విగ్రహం మీకు తెలిసిందే. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన ఫ్రెంచి భారత సైనికుల కోసం కట్టి, 1938 ఏప్రిల్‌లో ప్రారంభించిన స్మారకం అది. 1918 నవంబరు 11న ఆ యుద్ధం ఆగింది కనుక ఏటా ఆ రోజున పూలదండలు పెడతారు, బూర ఊదుతారు, మాజీ సైనికులు పతకాలు పెట్టుకుని వస్తారు. ఆ పూట నేను రోడ్డు పక్కన నిలబడి చూశాను. పక్కనున్న తమిళ పెద్దాయన తన తాతగారి పేరు ఉచ్చరించి, శిలువ గుర్తు వేసుకున్నారు. అది చూశాక నాకు మెట్టకూరు గుర్తొచ్చింది. అక్కడి మనవడు తన తాత పేరు పలకాలంటే ఎనిమిది వందల కిలోమీటర్లు వెళ్లాలా?

యానాం ఆ రోజుల్లో ఫ్రెంచి చట్టం ప్రకారం ఒక కమ్యూన్. 1880 మార్చి 12 డిక్రీతో ఫ్రెంచి భారతంలో పది కమ్యూన్లు ఏర్పడ్డాయి. పుదుచ్చేరిలో నాలుగు, కారైకాల్లో మూడు, చంద్రనగర్, మాహే, యానాం ఒక్కొక్కటి. కమ్యూన్ అంటే ఒక మేయరు, ఒక పురపాలక సభ, జనన మరణ వివాహ రిజిస్టర్లు. ఫ్రాన్సులోని ఒక కుగ్రామానికి కాగితం మీద ఏ హోదా ఉందో యానానికీ అదే హోదా ఉంది.

ఫ్రాన్సులో ఆ కుగ్రామాలు ఏం చేశాయి? అప్పట్లో ముప్పై ఆరు వేలకు పైగా కమ్యూన్లున్న ఆ దేశంలో, 1920ల్లో దాదాపు ప్రతి ఊరూ తన మృతుల కోసం ఒక రాయి నిలబెట్టుకుంది. పురపాలక కార్యాలయం ముందు ఒకటి, చాలాచోట్ల చర్చి లోపల గోడకు మరొకటి. చర్చికీ ప్రభుత్వానికీ పొత్తు తెంచుతూ 1905లో చట్టం వచ్చినా, పేర్లు మాత్రం రెండుచోట్లా చెక్కారు. నవంబరు 11 ఉదయం ఊరి మేయరో బడిపిల్లలో ఒక్కొక్క పేరూ చదువుతారు. పేరు పేరుకూ ఆగి, జనం 'ఫ్రాన్సు కోసం చనిపోయాడు' అని బదులిస్తారు. పది పేర్లున్న ఊళ్లో పదిసార్లు అంటారు. ఒకే ఇంటిపేరు మూడుసార్లు వచ్చిన ఊళ్లు ఉన్నాయి. అన్నదమ్ములు.

'ఫ్రాన్సు కోసం చనిపోయాడు' అన్నది ఊరికే అనే మాట కాదు. 1915 జులై 2 చట్టంతో వచ్చిన హోదా అది. యుద్ధంలో పోయినవాడి మరణపత్రం మీద దాన్ని రాస్తారు. 1919 అక్టోబరు 25న మరో చట్టం చేసి, ప్రతి కమ్యూనుకూ దాని మృతుల పేర్లతో ఒక గౌరవగ్రంథం ఉండాలన్నారు. ఇప్పుడు ఫ్రెంచి రక్షణశాఖ మొదటి యుద్ధంలో చనిపోయిన పదమూడు లక్షల మందికి పైగా సైనికుల వివరపత్రాలను కంప్యూటర్‌లో ఎవరైనా చూసేలా ఉచితంగా పెట్టింది. ఒక్కో మనిషికి ఒక్కో కాగితం. పేరు, హోదా, దళం, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, చనిపోయిన తేదీ, చోటు, ఎలా చనిపోయాడు. అన్నిటికంటే కింద ఇంకొక వరుస ఉంటుంది. ఆ మరణాన్ని ఏ ఊరి రిజిస్టరులో ఏ తేదీన నమోదు చేశారో ఆ వరుస చెబుతుంది.

అయ్యా, మీకు నేను చూపించదలచింది ఆ ఆఖరి వరుసనే. సైనికుడు ఎక్కడో చనిపోతాడు. ఆ సంగతి కాగితాల మీద ప్రయాణం చేసి, ఒక్కోసారి రెండు మూడేళ్లు ఆలస్యంగా, అతను చివరగా నివసించిన కమ్యూనుకు చేరుతుంది. అక్కడి గుమాస్తా దాన్ని మరణాల రిజిస్టరులో ఎక్కిస్తాడు. అంటే, యానాం మనిషి ఏ కందకంలో పోయినా, ఏ ఆసుపత్రి మంచం మీద పోయినా, ఆ చావు వెతుక్కుంటూ వచ్చే చోటు మీ కార్యాలయం బీరువా. పుట్టుక అక్కడే ఉంది, చావూ అక్కడే ఉంటుంది. రెంటినీ కలిపి చూసేవాళ్లు కావాలి, అంతే.

ఒకవేళ మన దగ్గరి పుస్తకం తడిసిపోయి ఉన్నా దారి ఉంది. ఫ్రెంచి వలసల జనన మరణ రిజిస్టర్లకు రెండో ప్రతి తీసి ఫ్రాన్సుకు పంపాలని 1776లోనే రాజశాసనం చేశారు. సముద్రం అవతలి ఆ కాగితాల భాండాగారం ఇప్పుడు దక్షిణ ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊళ్లో ఉంది. అధికారి హోదాలో మీరు రాసే ఒక ఉత్తరానికి ఉండే విలువ నాలాంటివాడు రాసే పది ఉత్తరాలకు ఉండదు.

ఇక ఇంటిపేరు సంగతి.

ఫ్రెంచి గుమాస్తా చెవికి ళకారం లేదు, ణకారం లేదు, ఠకారం అసలే లేదు. చివరి ఉకారాన్ని రెండక్షరాలు పెట్టి సాగదీస్తాడు. ఫ్రెంచి పాలనలో యానాం నాయకుల్లో ఒకరైన సమతం కృష్ణయ్య గారి పేరు ఆ కాగితాల్లో 'క్రూష్నాయా' అన్నట్టు కనిపిస్తుంది. అంతటి పెద్దమనిషి పేరే అలా మారితే, వేలిముద్ర వేసి సైన్యంలో చేరిన కూలివాడి పేరు ఎలా మారి ఉంటుందో ఊహించండి. దీనికి తోడు మరో చిక్కుంది. 1881 సెప్టెంబరు 21 డిక్రీ ప్రకారం, తన కులాచారపు చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి వచ్చే ప్రతి ఒక్కరూ ఒక వంశనామం ఎంచుకోవాలి. అలా ఎంచుకున్నది తాతల నాటి ఇంటిపేరే కానక్కర్లేదు. తండ్రి పేరు కావచ్చు, పునీతుడి పేరు కావచ్చు, దొర పేరే కావచ్చు. కాబట్టి రిజిస్టరులో ఒక పేరు, జ్ఞానస్నానాల పుస్తకంలో ఇంకో పేరు, వీధిలో పిలిచే పేరు మరొకటి.

ఈ మూడు పేర్లూ ఒకే మనిషివని చెప్పగలిగింది పారిస్ పండితులు కారు. మెట్టకూరు వీధి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చెప్పగలదు. "వాడా, ఫలానా వాళ్ల నడిపాడు. వాడి తమ్ముడి మనవరాలే కదా మన కరణం వీధిలో ఉన్నది" అంటుంది. ఆ ఒక్క మాటతో పరాయి లిపిలో ఇరుక్కుపోయిన మనిషి ఇంటికి వచ్చేస్తాడు. ఆ ముసలమ్మ పోయాక ఏ కంప్యూటరూ ఆ మాట చెప్పలేదు. నాకున్న తొందర ఇదే.

మా వైపు పరిస్థితి ఇంతకంటే మెరుగేమీ కాదు. ఇంకా అన్యాయం. సరిహద్దుకు ఇవతల పుట్టినవాడు బ్రిటిషు సైన్యంలో చేరేవాడు. మదరాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళంలో మన తెలుగువాళ్లు చాలామంది. ఆ పుస్తకాల్లో మన మనిషి ఒంటిపేరుతో ఉంటాడు. అప్పలస్వామి. నూకరాజు. వెంకటస్వామి. ఇంటిపేరు ఊసే ఉండదు. ఏ అప్పలస్వామి? గోదావరి జిల్లాల్లో ఊరికి పదిమంది అప్పలస్వాములు. మొదటి యుద్ధంలో మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాకులో, పోయినవాళ్ల కోసం బస్రాలో కట్టిన స్మారకాన్ని చూడండి. నలభై వేల మందికి పైగా ఆ స్మారకం కిందికి వస్తారు. బ్రిటిషు సిపాయిలకు పేరు పేరునా చోటిచ్చారు. మన అధికారులకు పేర్లు ఇచ్చారు. మన మామూలు సిపాయిలను మాత్రం దళం పేరు కింద ఒక అంకెగా చెక్కారు. ఇంతమంది సిపాయిలు, అంతే. హోదా భేదం లేకుండా అందరినీ ఒకేలా స్మరిస్తామని ప్రకటించుకున్న సంస్థ చేసిన పని అది. ఆ కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమే 2021లో తన నివేదికలో ఈ తేడాను ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. కనీసం లక్షా పదహారు వేల మంది, ఎక్కువగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు ప్రాంతాలవాళ్లు, పేరుతో గానీ అసలే గానీ స్మరణకు నోచుకోలేదని ఆ నివేదిక లెక్క.

వందేళ్ల తర్వాత వాళ్లు తప్పు ఒప్పుకున్నారు. మరి మనం చెయ్యాల్సింది మనం చెయ్యాలి కదా.

ఇక్కడ నా మనసులో ఉన్న ఇంకొక మాట చెప్పుకోనివ్వండి. దీన్ని మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. పలక మీద తుపాకి పట్టినవాళ్ల పేర్లే ఉండాలని నేను అనుకోను. మా రెండు వైపుల నుంచీ రంగం వెళ్లినవాళ్లు లెక్కలేనంత మంది. రంగూనును మా పెద్దవాళ్లు రంగం అనే అనేవారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లారు కనుకే బర్మావాళ్లు తెలుగువాణ్ణి 'కొరంగీ' అని పిలిచారు. రంగూను రేవులో మూటలు మోసినవాళ్లు, ధాన్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు ఎక్కువగా వీళ్లే. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు కురిపించాయి. రేవు కూలీలు నిలువునా పోయారు. బతికినవాళ్లు అరకాను కొండలు దాటి చిట్టగాంగుకూ, అడవుల గుండా మణిపూరుకూ నడిచారు. కలరాతో కొందరు, ఆకలితో కొందరు దారిలోనే రాలిపోయారు. ఆ తర్వాత మూడున్నర నెలలకే, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నంతో పాటు మన కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. యుద్ధం మన గుమ్మం దాకా వచ్చిందన్నమాట.

మా పెద్దమ్మ అత్తగారు సాయంత్రం దీపం పెట్టాక ఒకసారి వీధి వాకిలి దాకా వెళ్లి నిలబడి వచ్చేది. ఎందుకని చిన్నప్పుడు అడిగితే "రంగం నుంచి మా పెద్దాడు రావాలి" అనేది. అప్పటికి యుద్ధం ముగిసి ముప్పై ఏళ్లు. ఆయన ఏ సైన్యంలోనూ లేడు కాబట్టి ఏ రిజిస్టరులోనూ లేడు. చావు తేదీ లేదు కాబట్టి తద్దినమూ లేదు. ఇలాంటివాళ్లకూ పలక మీద చోటు ఇవ్వండి. వాళ్లకు యూనిఫాం లేకపోవచ్చు, వాళ్లను చంపింది మాత్రం యుద్ధమే.

చర్చిలోనే ఎందుకని కొందరు అడుగుతారు. పోయినవాళ్లందరూ క్రైస్తవులు కారు కదా అంటారు. నిజమే, కారు. అందుకే లోపలి గోడకు కాక ఆవరణలో, ఎవరైనా వచ్చి ఒక పువ్వు పెట్టగలిగే చోట నిలపమంటున్నాను. 1846లో ఫ్రెంచి మిషనరీలు కట్టిన ఆ చర్చి యానాంలో ఆ కాలాన్ని చూసిన కట్టడాలలో ఒకటి. అక్కడ జ్ఞానస్నానాల పుస్తకాలుంటాయి, సమాధుల పుస్తకాలుంటాయి. పేర్లను జాగ్రత్తచేసే అలవాటు ఉన్న చోటు అది. విచారణ గురువులు పెద్దమనసుతో ఒప్పుకుంటే, పలక ప్రారంభించే రోజున చర్చి గంట మోగాక మెట్టకూరు రామాలయం పూజారి గారు, మసీదు ఇమాం గారు కూడా పక్కన నిలబడి తలా కొన్ని పేర్లు చదవాలి.

ఇది మనకు కొత్త సంగతీ, దొరల సంగతీ కాదు. పల్నాడులో కారెంపూడి ఉంది. పన్నెండో శతాబ్దంలో జరిగిన యుద్ధంలో పోయినవాళ్లకు అక్కడ వీరుల గుడి కట్టారు. ఏటా కార్తీక అమావాస్యకు మొదలుపెట్టి అయిదు రోజులు వీరారాధన చేస్తారు. వీరుల వారసులు ఆ వీరుల ఆయుధాలైన కొణతాలు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు, నాగులేరులో వాటికి స్నానం చేయిస్తారు. ఫలానా వీరుడు మా ఇంటివాడని ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా చెప్పుకోగలుగుతున్నారంటే దానికి ఇంటిపేరే కారణం. ఆ వీరుల్లో మాల కన్నమదాసు ఉన్నాడు. ఆ ఉత్సవంలో కులం చూడకుండా అందరూ కలిసి కూర్చునే చాపకూడు ఉంది. ఇటు మన గోదావరి జిల్లాల్లోనే తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటేనే జనానికి తెలుస్తుంది. తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యానికి వెళ్లే ఆ ఊరు, పోయినవాళ్ల కోసం స్మారకం కట్టుకుంది. ఒక చిన్న తెలుగు ఊరు అలా చేసుకోగలిగినప్పుడు మెట్టకూరు చేసుకోలేదా?

ఇంకో ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. పరాయి రాజ్యం కోసం చచ్చినవాళ్లకు స్వతంత్ర దేశంలో రాయి ఎందుకు అని. దీనికి జవాబు తేలిక కాదు, కాబట్టి తేలిగ్గా చెప్పను. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో యానాం తన దారి తాను చూసుకుంది. అదే సంవత్సరం నవంబరు 1న పాలన మన చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న చట్టబద్ధంగా పూర్తయింది. ఆ పోరాటం మీద నాకున్న గౌరవంలో వీసమెత్తు తగ్గదు. ఈ పలక ఫ్రెంచి రాజ్యానికో, బ్రిటిషు రాజ్యానికో గౌరవం కాదు. జీతం కోసం వెళ్లారు, తల్లికి మనియార్డరు పంపడానికి వెళ్లారు, కొందరు పౌరసత్వపు హక్కు కోసం వెళ్లారు. వాళ్లను తీసుకెళ్లిన జెండాలు దిగిపోయాయి. వాళ్లను కన్న ఊరు ఉంది. స్వతంత్ర భారత సైన్యంలో చేరి ప్రాణాలిచ్చిన ఈ ప్రాంతం బిడ్డలు అదే పలక మీద, అదే సైజు అక్షరాల్లో ఉంటారు. ఏ పేరు ముందూ హోదా వద్దు. ప్రతి పేటలోనూ సుబేదారు, సిపాయి, కూలీ అందరూ అకారాది క్రమంలో ఉండాలి.

ఖర్చు పెద్దది కాదు. నల్లరాయి, చెక్కేవాడి కూలి, ఒక చిన్న అరుగు. కావలసింది మనుషుల సమయం. ఫ్రెంచి చదవగలిగిన పెద్దలు యానాంలో ఏటా తగ్గిపోతున్నారు. వాళ్లలో ఇద్దరిని, బడిలో ఫ్రెంచి నేర్చుకుంటున్న పిల్లలు నలుగురిని, విచారణ తరఫున ఒకరిని, మెట్టకూరు పెద్దలు ఇద్దరిని కూర్చోబెట్టండి. పిల్లలు కంప్యూటర్‌లో వెతుకుతారు, పెద్దలు చేతిరాత చదువుతారు, ఊరివాళ్లు ఇల్లు గుర్తుపడతారు. ఇంటివాళ్ల అనుమతి లేకుండా ఒక్క పేరూ ఎక్కించవద్దు. తేలని పేరును తేల్చినట్టు రాయనూ వద్దు. పలక మీద కొంత చోటు ఖాళీగా వదలండి.

రోజు కూడా ఆలోచించాను. నవంబరు 1 యానాం విమోచన దినం. మర్నాడు, నవంబరు 2, సమాధుల పండుగ. ఆ రోజు సమాధులకు సున్నాలు వేసి, బంతిపూలు పెట్టి, చీకటి పడ్డాక కొవ్వొత్తులు వెలిగిస్తారు. అందరికీ తమవాళ్ల సమాధి దగ్గర కూర్చునే చోటు ఉంటుంది, శవం ఇంటికి రాని కుటుంబాలకు తప్ప. ఆ కుటుంబాలు కొవ్వొత్తి పెట్టుకోవడానికి ఆ సాయంత్రం ఒక రాయి కావాలి.

అదే నవంబరు నెలలో, 1996లో, 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను మనకు మరుపురాదు. 2022 జులైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చి నిలిచింది. కాగితం ఎన్ని వరదలకు ఆగుతుంది? పుస్తకాలు ఇంకా చదవడానికి వీలుగా ఉండగానే చదివించండి. 1914 ఆగస్టు నుంచి మరణాల రిజిస్టర్లు తెరిపించండి. 1922 దాకా ఒక్క పుటా వదలకుండా చూడమని చెప్పండి, ఎందుకంటే కొన్ని చావులు ఆలస్యంగా ఇంటికి చేరాయి.

ఇట్లు,
మెట్టకూరు కోడలి చెల్లెలి కొడుకు,
తాళ్లరేవు వైపు నుంచి.